యావజ్జీవౌషధము: పెన్నాతీరమున మందు పుచ్చుకొన్న చరిత్ర

గండికోట కొండలను నిలువునా చీల్చుకొని పెన్నానది తూర్పునకు వెలువడిన పిమ్మట దాని పరిసరమున మొదట జమ్మలమడుగును, ఆవల ప్రొద్దుటూరును కనబడును. దక్షిణమున, చీనీతోటలకును అరటితోటలకును పేరొందిన పులివెందుల కలదు. ఈ మూడు పట్టణముల చరిత్ర వ్రాయబూనినవారు సాధారణముగా కోటను గూర్చియు, గోలకొండ సేనానియైన మీర్ జుమ్లాను దర్శించుటకై 1652లో గండికోటకు వచ్చిన తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుని గూర్చియు, రెండవ బొంబాయి యని పేరు తెచ్చుకొన్న ప్రొద్దుటూరి బంగారు వ్యాపారమును గూర్చియు వ్రాయుదురు. నేను వ్రాయదలచినది ఆ గ్రంథములలో చోటు దొరకని ఒక నిత్యకృత్యమును గూర్చి. అది మందు పుచ్చుకొనుట.

పరుల మూత్రపిండమును తన దేహమున ధరించి వెల్లూరు నుండియో, తిరుపతి నుండియో, హైదరాబాదు నుండియో ఇల్లు చేరిన మనుష్యుడు ఈ సీమలో ఇప్పుడు వింత కాడు. కిడ్నీ మార్పించుకొన్నాడని ఊరివారు చెప్పుకొందురు. అతడు ఉదయము కొన్ని మాత్రలు, మరల పండ్రెండు గంటల తరువాత రాత్రి కొన్ని మాత్రలు, ప్రాణమున్నంతకాలము ఒక్క పూటయైనను తప్పక వేసికొనవలెను. శస్త్రవైద్యుని పని కొన్ని గంటలలో ముగియును. రోగి పని ఆనాడు మొదలగును. ఇట్టి నియమము మన ప్రాంతమునకు ఏ దారిని వచ్చెను, దానికి ముందు ఇచట చికిత్స యనగా ఎంతకాలపు వ్యవహారముగా నుండెను, ఆ నియమము తప్పినచోట దోషమెవ్వరిది అను ప్రశ్నలు చాలకాలముగా నా మనస్సున మెదలుచున్నవి. మాత్ర మానిన రోగిని నిందించుట సులభము. ఈ కథను తొలినుండి చూచినవారు ఆ నింద వేయుటకు సంకోచింతురని నా నమ్మకము.

పూర్వము ఈ సీమలో ఔషధమునకు అవధి యుండెను. పల్లెలోని వైద్యుడు లేహ్యమిచ్చినను, చూర్ణమిచ్చినను, కషాయమునకు మూలికలు చెప్పినను, దానిని ఒక మండలము పాటు సేవింపవలెనని నిర్ణయించెడివాడు. మండలమనగా 40 దినములు. కొందరి లెక్కలో 48. ఆ దినములలో చింతపులుసు కూడదు, గుమ్మడికాయ కూడదు, వంకాయ కూడదు, నూనెలో వేగినది కూడదు; చప్పిడికూడు తిని, ఎండను తిరుగక, రోగి తన శరీరమును కాచుకొనవలెను. పథ్యము కఠినమే, ఐనను దాని మొదలును తుదియు కంటికి కనబడుచుండుటచేత ఇల్లాలు దినములు లెక్క పెట్టుకొనుచు, ఇంటిల్లిపాదియు రోగితోపాటు కొంత పథ్యముండి, గడువు తీరిన నాడు తలంటి పోసి పులుసన్నము పెట్టెడివారు. కనుక నియమపాలనము మన పల్లెలకు తెలియని విద్య యని ఎవ్వరైనను అన్నచో నేనొప్పుకొనను. దీక్ష పట్టినవారు దానిని గడువువరకు నిలుపుకొనిరి. గడువులేని దీక్షను మాత్రము వారెన్నడును ఎరుగరు.

ప్రాణాంతకములైన వ్యాధులకు ఆపాటి వ్యవధియు లేకుండెను. దత్తమండలముల తొలి ప్రధాన కలెక్టరుగా 1800 నుండి 1807 వరకు ఈ సీమను పాలించి, రైతువారీ పద్ధతికి పేరు తెచ్చిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, స్వదేశమునకు మరలుటకు ముందు తనకు ప్రియమైన ఈ జిల్లాలను మరొక్కమారు చూచి పోవలెనని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో వాంతిభేదులతో ఒక్కనాటిలో మరణించెను. గవర్నరుకే అట్లయినప్పుడు తక్కినవారి గతి చెప్పనేల? కలరా వచ్చినను, మశూచి వచ్చినను, 1876–78 నాటి మహాక్షామము వెంట జ్వరములు వచ్చినను, మనుష్యుడు బ్రతుకుటయో చచ్చుటయో కొలది దినములలో తేలిపోవుచుండెను. ఏండ్లతరబడి మందు మ్రింగుచు, కూలినాలి చేసికొనుచు, పిల్లల పెండ్లిండ్లు చేయుచు జీవించు రోగి అను జాతియే అప్పటికి పుట్టలేదు.

లండన్ మిషనరీ సొసైటీవారు కడపలో 1822లో పని ప్రారంభించిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములో ఆ సొసైటీ వైద్యుడైన థామస్ విన్సెంట్ కాంప్‌బెల్ జమ్మలమడుగున నెలకొల్పిన వైద్యశాల ఈ ప్రాంతపు వైద్యచరిత్రలో ఒక మలుపు. ఆయన రోగులను చూచుటయేగాక కీటకములను సేకరించుటయందును మిక్కిలి శ్రద్ధ గలవాడు. తరువాత మైసూరు రాజ్యములోని చిక్కబళ్ళాపురమునకు మారి, అచటను వైద్యము చేయుచు, పట్టిన పురుగులను లండను మ్యూజియమునకు పంపెను. జమ్మలమడుగువారు ఆ వైద్యశాలను మిషనాసుపత్రి యనియే పిలిచిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన పిమ్మట అది సి.ఎస్.ఐ. కాంప్‌బెల్ ఆసుపత్రి యైనది.

అచటికి చేరుటయే ఒక యాత్ర. మద్రాసు నుండి బొంబాయికి పోవు రైలుమార్గము కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా 1871 నాటికి పూర్తియైనను, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల మూడును దానికి ఎడముగానే మిగిలెను. రైలు దిగినవాడు ముద్దనూరునుండి బండి కట్టించుకొనవలెను. పల్లెలవారికి ఆ రైలు సాయమును లేదు గనుక రోగిని మంచముపై మోసికొని వచ్చెడివారు. వచ్చినవారు వెంట సీసా తెచ్చుకొనవలెను. కంపౌండరు దానిలో మిక్శ్చరు పోసి, అంచున పండ్లు పండ్లుగా కత్తిరించిన కాగితపు పట్టీని సీసా పొడవున అంటించెడివాడు. ఒక్కొక్క పన్ను ఒక్కొక్క మోతాదు. అక్షరము రాని రైతు ఆ పట్టీని చూచి పూటపూటకు ఎంత త్రాగవలెనో తెలిసికొనెడివాడు. ఈ పట్టీని కనిపెట్టినవాడెవ్వడో గాని, రోగి కన్నుతో ఆలోచించినవాడని నేనాతనికి నమస్కరింతును. ఐనను సీసా ఖాళీ యగుటతో చికిత్స ముగిసెడిది. మండలమునకు బదులు సీసా వచ్చినది; అవధి మాత్రము అట్లే నిలిచెను.

అవధిని చెరిపినది క్షయవ్యాధి. మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు కడప జిల్లాలోనిదే. ఆ మదనపల్లె సమీపమున, పలు మిషనులు కూడి, డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వమున, 1912–15 సంవత్సరముల నడుమ క్షయరోగులకై శానిటోరియమును స్థాపించిరి. ఆ చోటికి ఆరోగ్యవరము అని పేరు పెట్టిరి. పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము ఇవియే నాటి ఔషధములు. వానిని నెలలతరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్లతరబడి సేవింపవలసి వచ్చెను. మన దేశమున తొలి బి.సి.జి. టీకాలు 1948 ఆగస్టులో ఈ మదనపల్లెలోనే వేసిరి. స్ట్రెప్టోమైసిను, పాస్, 1952 నుండి ఐసోనియాజిడు వచ్చిన తరువాత క్షయకు నిజమైన మందు దొరికినది గాని, ఆ మందును ఏడాదికి తక్కువ కాకుండ, దగ్గు తగ్గి బలము చేకూరిన తరువాత గూడ, మ్రింగవలెనను చిక్కు వచ్చిపడెను. రోగము లేనట్లు తోచునప్పుడు మందు పుచ్చుకొనుట! ఇది మన పూర్వుల అనుభవమున లేని ఆజ్ఞ.

ఆ చిక్కును తొలినాళ్లలోనే శాస్త్రీయముగా పరిశీలించిన చోట్లలో ఒకటి మన పొరుగున నున్న మద్రాసు. అచట 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి క్షయ రసాయన చికిత్సా కేంద్రమును తెరచినవి. వాలెస్ ఫాక్స్ అను వైద్యుడు దాని తొలి మార్గదర్శి. నగరములోని బీదపేటల రోగులను 193 మందిని తీసికొని, చీట్లు వేసి సగము మందిని శానిటోరియమునకును, సగము మందిని వారి యిండ్లకును పంపి, ఇరువురకును ఒకే మందులు ఒక సంవత్సరమిచ్చిరి. ఇరుకిండ్లలో, అరకొర భోజనముతో, పనికి పోవుచు మందు తిన్నవారును మంచముపై పాలు గ్రుడ్లు తినుచు మందు తిన్నవారును ఇంచుమించు ఒకే తీరున నయమైరని 1959లో ప్రకటింపబడినది. ఇంటివారికి రోగమంటుటయు హెచ్చలేదు.

ఆ పరిశోధనలో నన్ను ఆకర్షించునది మరియొకటి కలదు. మందు తిన్నానని రోగి చెప్పినంతనే వైద్యులు తృప్తి చెందక, చెప్పకుండ ఇంటికి పోయి మిగిలిన మాత్రలను లెక్కించిరి. మూత్రమును పరీక్షించి మందు లోనికి పోయినదో లేదో చూచిరి. దీనిని రోగిపై నిఘా యని కొందరు తలపవచ్చును. నా దృష్టిలో అది వైద్యుడు తన బాధ్యతను ఆసుపత్రి గుమ్మము దాటించి రోగి వంటయింటివరకు నడిపిన తొలి సందర్భము. మాత్ర మ్రింగుటకు రోగి యొక్క మంచితనముపై మాత్రమే ఆధారపడరాదనియు, మందు వానికి చేరువలో, వానికి వీలైన వేళలో, ఖర్చులేకుండ దొరకవలెననియు లోకమున క్రమముగా వ్యాపించిన భావమునకు వేరు అచట నున్నది.

ఇంతలో సముద్రముల కావల అవయవముల మార్పిడి ఆరంభమైనది. 1954 డిసెంబరు 23న బోస్టను నగరమున జోసెఫ్ ముర్రే కవలసోదరులలో నొకని మూత్రపిండమును రెండవవానికి అమర్చెను. ఇరువురి దేహములును ఏకరూపములగుటచేత దేహము ఆ అవయవమును తనదిగానే గ్రహించెను. మందు అక్కర లేకపోయెను. కవలలు కానివారికి అట్లు కుదరదు. మన శరీరమున శత్రువును పసిగట్టి చంపు శక్తి యున్నది. ఆ శక్తికి దాతయిచ్చిన మూత్రపిండమును శత్రువుగనే తోచును. దానిని అణచి యుంచు మందు మానినచో అది మేల్కొని అవయవమును నాశనము చేయును. 1960 తరువాత అట్టి మందుగా వచ్చినది అజాథయోప్రిన్. దానిని రూపొందించినవారు జార్జి హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్. ఈ హిచింగ్స్ హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో పట్టమునకై పరిశోధన చేసినవాడు; భీమవరమున 1895లో పుట్టి, రాజమహేంద్రవరమున చదివి, సముద్రము దాటిపోయిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఆ ఫిస్కే ప్రయోగశాలలోనే భాస్వరమును కొలుచు పద్ధతిని, కండరములలోని శక్తికి మూలమైన పదార్థములను కనిపెట్టెను. సుబ్బారావు తరువాత లెడర్లీ సంస్థలో తన సహచరులతో పుట్టించిన మందుల వంశములోనిదే మెథోట్రెక్సేటు. ఎముకమజ్జ మార్పిడి చేసినప్పుడు కొత్త మజ్జ రోగి దేహముపై తిరుగబడకుండుటకు దానిని నేటికిని వాడుచున్నారు. రాయలసీమ రోగి డబ్బాలోని మాత్రల వంశవృక్షమున తెలుగువాని నీడ ఇంత దగ్గరగా నుండుట నాకు గర్వకారణము.

నార్వే దేశపు పీఠభూమి మట్టిలో దొరికిన బూజునుండి స్విట్జర్లండులో తీసిన సైక్లోస్పోరిను 1983లో అమెరికాలో అనుమతి పొందెను. జపానులోని త్సుకుబా మట్టినుండి 1984లో బయల్పడిన టాక్రోలిమస్ పది సంవత్సరములకు దానిని వెన్నంటి వచ్చెను. ఇంచుమించు నూటికి 60 చొప్పున మొదటి యేడు దాటుచుండిన మృతదాతల మూత్రపిండములు సైక్లోస్పోరిను రాకతో 80కి పైగా దాటజొచ్చెను. నేడు మంచి ఆసుపత్రులలో అది 90కి మించినది. ఐతే మందు తప్పినవారికి ఈ లెక్కలు అభయము కావు.

కడప జిల్లావారికి ఈ విద్య వెల్లూరు దారిని వచ్చెను. ఐడా స్కడ్డర్ 1900లో ప్రారంభించిన క్రైస్తవ వైద్యశాల 1971లో మూత్రపిండపు మార్పిడిని విజయవంతముగా నెరవేర్చి భారతదేశమున ఆ చికిత్సకు పునాది వేసెను. రైలులో రేణిగుంట దాటి కాట్పాడిలో దిగి, ఆసుపత్రి చుట్టును ఉన్న సత్రములలో నెలలతరబడి గది తీసికొని, స్టౌ మీద వండుకొని తినుచు, రక్తము కలియునా లేదా అని ఎదురుచూచిన తెలుగు కుటుంబముల కథ ఎవ్వరును వ్రాయలేదు. అచటి వీథులలో తెలుగు వినబడని గంట లేదు. దాతగా ముందునకు వచ్చినవారిలో తల్లులు, భార్యలు, అక్కచెల్లెండ్రే హెచ్చు. దేశమంతటి లెక్క చూచినను 1995 నుండి 2021 వరకు అవయవము పొందినవారిలో ఇంచుమించు ఐదుగురకు నలుగురు పురుషులే. భర్తకు కిడ్నీ యిచ్చిన స్త్రీయే తరువాత ఆయన మాత్రలకు వేళ చూచుచున్నది. ఆమె మందు వేళ మరువదు, ఎందుకనగా ఆమెకు ఆ మాత్ర విలువ ఎంతో తన పక్కలోని కుట్టుమచ్చ వలన తెలియును.

1980–1990ల నడుమ సైక్లోస్పోరిను ఖరీదు సామాన్యునికి అందని మాట. అందుచేత మన దేశపు వైద్యులు కొన్ని ఉపాయములు పన్నిరి: మొదటి సంవత్సరము తరువాత దానిని మెల్లగా తగ్గించి, చవుకయైన అజాథయోప్రిన్, ప్రెడ్నిసొలోనులపై రోగిని నిలుపుట ఒకటి, బూజుజబ్బులకిచ్చు కీటోకొనజోలును చేర్చి, దాని బలముచేత సైక్లోస్పోరిను కాలేయమున త్వరగా కరగిపోకుండ చేసి, తక్కువ మోతాదుతో పని గడుపుట మరియొకటి. రోగి పేదరికమును మనస్సున నుంచుకొని పుట్టిన వైద్యమిది. అట్లు చేయనిచోట రోగియే తన లెక్క తాను వేసికొనెను. చెనిక్కాయ పండని యేడు మాత్రను సగముగా విరిచినవారున్నారు. రెండు పూటల మందును ఒక పూట చేసినవారున్నారు. ప్రొద్దుటూరి బంగారపు అంగళ్లలో కుదువబడిన గొలుసులలో కొన్నియైనను ఈ మాత్రల నిమిత్తము పోయినవే.

మందు తప్పుటవలన కలుగు హానిని పాశ్చాత్యులు లెక్కించి చూచిరి. అప్పటివరకు వచ్చిన పరిశోధనలను కూర్చి 2004లో ప్రకటించిన సమీక్ష ననుసరించి, నష్టమైన మూత్రపిండములలో మూడవవంతునకు మించి, నూటికి 36 వరకు, మందు సరిగా వాడకపోవుటతో ముడిపడినవి. మందు తప్పువారికి అవయవము పోవు ప్రమాదము తప్పనివారికంటె ఏడురెట్లు. 2007 నాటి మరియొక సమీక్ష ప్రకారము ఏటేట నూటికి 36 మంది మూత్రపిండగ్రహీతలు ఏదో ఒక మేరకు మందు తప్పుచున్నారు. ఇవి ప్రధానముగా సంపన్నదేశముల సంఖ్యలు. అచట చదువున్నది, రోడ్డున్నది, బీమాయున్నది. అటువంటిచోటనే మనుష్యుడు తడబడుచుండగా మన రైతును ప్రత్యేకముగా అవిధేయుడనుట న్యాయము కాదు.

ఈ తడబాటునకు కారణములు మన నేలలో మరికొన్ని కలవు. మొదటిది, నొప్పి లేకపోవుట: దేహము మూత్రపిండమును తిరస్కరించుట మొదలిడినప్పుడు తలనొప్పియైనను రాదు, రక్తములో క్రియాటినిను అను మలినము పెరిగిన తరువాతనే తెలియును. రెండు పూటలు మందు మానినను ఏమియు కాలేదన్న రోగి అబద్ధమాడుట లేదు. వాని శరీరము వానికి అబద్ధము చెప్పుచున్నది. ప్రెడ్నిసొలోను ముఖమును ఉబ్బించును, సైక్లోస్పోరిను చిగుళ్లను వాపించి ఒంట వెండ్రుకలు మొలిపించును. పెండ్లి కావలసిన పిల్ల అద్దము చూచుకొని మాత్ర మానినచో ఆమె దుఃఖమును ఎవరు తీర్పగలరు? ఏప్రిలు, మేనెలలలో ఎండ 43, 44 డిగ్రీలకు చేరు ఈ సీమలో రేకుల యింటి గూటిలో పెట్టిన గొట్టపు మాత్రలు పాడగును. ఏకాదశినాడు నీరైనను ముట్టని ముదుసలులున్నారు; రంజాను మాసమున ప్రొద్దుటూరు మహమ్మదీయులు పగలెల్ల ఉపవసింతురు. వైద్యుని అడిగి వేళలు మార్చుకొనుటకు త్రోవలున్నవి గాని, అడుగుట యెట్లో వారికి ఎవ్వరును చెప్పరు. పంపరపనస తిన్నచో టాక్రోలిమస్ రక్తములో హెచ్చి విషమగునని వైద్యులు వారింతురు. అది విని పులివెందులవారు తమ తోటలోని చీనీపండును గూడ భయపడి మానుచుందురు. చీనీకి ఆ దోషము లేదు. ఇట్టి చిన్నమాటలు తెలుగులో, వారి ఫలములను, వారి పండుగలను ఎరిగినవాడు చెప్పవలెను.

రక్తపరీక్ష వేరొక ముడి. టాక్రోలిమస్ ఎంతయున్నదో కొలుచుటకు ఉదయపు మాత్ర వేయకముందు రక్తము తీయవలెను. పులివెందుల నుండి రాత్రి బస్సులో బయలుదేరి తెల్లవారి తిరుపతి చేరిన రోగి, వేళ తప్పరాదన్న నియమము ననుసరించి, బస్సులోనే మాత్ర వేసికొనును. ఆసుపత్రిలో రక్తము తీయువారు నేటి పరీక్ష చెల్లదని పంపివేయుదురు. నియమమును పాటించినందుకే వానికి ఒక దినపు కూలి, ఒక ప్రయాణపు ఖర్చు నష్టము.

క్షయ కథయు అవయవముల కథయు వెల్లూరులో మరల కలిసినవి. దేహరక్షణను అణచు మందులు తినువారికి, పిల్లనాటినుండి రొమ్ములో నిద్రించు క్షయక్రిమి లేచును. 1986 నుండి 1999 వరకు వెల్లూరున మూత్రపిండము పొందినవారిలో నూటికి 13 మందికి క్షయ వచ్చినదని అచటి వైద్యులు 2001లో ప్రకటించిరి. క్షయను చంపుటకు శ్రేష్ఠమైన రిఫాంపిసిను, సైక్లోస్పోరినును టాక్రోలిమస్‌ను కాలేయమున వేగముగా కరగించివేయును. అందుచేత ఒక మందును సక్రమముగా తినుట రెండవ మందు ఫలమును హరించును. ఇట్టిచోట మోతాదులను వారమువారము కొలిచి దిద్దవలెను. ఊరిలోని మందుల అంగడిలో దగ్గునకు చీటీ చూపి మాత్రలు తెచ్చుకొనువాడు తనకు అవయవమార్పిడి జరిగినదని చెప్పకున్నచో ప్రమాదము ఎంతటిదో దీనివలన తెలియును.

ప్రభుత్వము ఈ రంగమున ప్రవేశించుట ఆలస్యముగ జరిగెను. అవయవముల విక్రయమును నిషేధించు కేంద్ర శాసనము 1994లో వచ్చెను. రాజమహేంద్రవరమున పుట్టిన పనంగిపల్లి వేణుగోపాల్ ఆ యేడే ఆగస్టు 3న ఢిల్లీలో దేశపు తొలి హృదయమార్పిడిని నెరవేర్చెను. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ 1993 నుండి పనిచేయుటతో వెల్లూరు ప్రయాణము కొందరికి తగ్గెను. జమ్మలమడుగున 1949 జూలై 8న జన్మించి, వైద్యము చదివి వచ్చి ఆ ఊరి మిషనాసుపత్రిలోనే వైద్యాధికారిగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేర 70 పడకల ధర్మవైద్యశాలను పెట్టిన యెడుగూరి సందింటి రాజశేఖరరెడ్డి, ముఖ్యమంత్రియై 2007 ఏప్రిలు 1న ఆరోగ్యశ్రీని ప్రారంభించెను. మూత్రపిండపు మార్పిడియు, దాని తరువాత కొంతకాలపు మందులును ఆ పథకమున చేరినవి. మిషనాసుపత్రి వసారాలో కూర్చుండిన రోగులను చూచిన కన్నులకే అట్టి పథకము తోచినదని నేననుకొందును. మరణించినవారి అవయవములను పంచు జీవన్‌దాన్ అను ఏర్పాటునకు 2010లో ఉత్తరువు వెడలి, 2013 నాటికి అది నడకకు వచ్చెను. తిరుపతిలో 2021లో తెరచిన చిన్నపిల్లల హృదయాలయమున 2023లో హృదయమార్పిడి గూడ జరిగెను. అవయవమార్పిడి చేయించుకొన్నవారిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నెలనెలా పింఛను పొందువారిలో చేర్చినది. ఆ సొమ్మున మొదట కొనబడునది మాత్రలే.

రైలు గూడ తుదకు వచ్చెను. ఎర్రగుంట్ల నుండి నంద్యాలకు పోవు మార్గము 2016లో తెరువబడి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణములకు స్టేషనులు కలిగినవి. తొలి రైలుమార్గము ఎర్రగుంట్లమీదుగా పోయిన పిమ్మట దీనికి 150 ఏండ్లకు దగ్గరగా పట్టెను! పులివెందులకు నేటికిని ముద్దనూరో కడపయో ఆధారము. 2024 మార్చిలో పులివెందులలో ప్రభుత్వ సర్వజనాసుపత్రి భవనములు తెరచిరి. ప్రొద్దుటూరున జిల్లా ఆసుపత్రి చాలకాలముగా కలదు. జమ్మలమడుగున కాంప్‌బెల్ ఆసుపత్రి నూరేండ్లు దాటినను నిలిచియున్నది. గోడలున్నవి, మంచములున్నవి, నర్సులున్నారు. లేనిది ఒక్క సంగతి: ఇంటికి వచ్చిన అవయవగ్రహీత తనవాడని భావించి, వాని మాత్రల లెక్క అడుగువాడు.

మద్రాసులో 1956 నాటివారు చేసినట్లు చేయుటకు నేడు అడ్డములు తక్కువ. రక్తమును గడ్డకట్టనీయని మందు వేసిన గొట్టములో తీసి చల్లగా నుంచినచో టాక్రోలిమస్ కొన్ని దినములవరకు చెడదు. కనుక ఉదయపు మాత్రకు ముందు ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో రక్తము తీసి, గొట్టమును మాత్రమే తిరుపతికి పంపి, ఫలితమును, మోతాదు మార్పును సాయంకాలమునకో మరునాటికో ఫోనులో తెలుపవచ్చును. మూడు పట్టణములలో వారమునకు ఒక దినము ఈ రక్తము తీయుటకును, నెలనెలా మాత్రలు అచటనే ఇచ్చుటకును, క్షయ మాత్రలు ఇప్పటికే ఇచ్చుచున్న గ్రామ ఆరోగ్య కార్యకర్తచేత ఈ రోగుల ఇండ్లకు పోయి మిగిలిన మాత్రలను లెక్కింపించుటకును ఏర్పాటు జరిగినచో, ఏడాదికి పన్నెండు మారులు కూలి చెడగొట్టుకొని చేయు ప్రయాణములు రెండు మూడింటికి తగ్గును.